అసంతృప్త కొవ్వుల కథ: సబ్బు ముక్క నుంచి వంటింటి క్యాలెండరు దాకా



తెలుగులో ‘నూనె’ అనే మాట నువ్వుల నుంచి పుట్టింది. నువ్వు, నెయ్యి అనే రెండు మాటలు కలిసి నూనె అయిందని భాషావేత్తలు చెబుతారు. సంస్కృతంలోని ‘తైలం’ కూడా ‘తిల’ శబ్దం నుంచి, అంటే నువ్వుల నుంచే వచ్చింది. మన పూర్వీకులకు నూనె అంటే నువ్వుల నూనే. దానినే ‘మంచినూనె’ అన్నారు. గానుగ తిప్పి తీసిన నూనె వంటకు, మిగిలిన తెలగపిండి పశువులకు, కొంత కూరకు పోయేది. ఏ నూనె మంచిదన్న ప్రశ్నకు అప్పట్లో తావే లేదు. ఊళ్ళో ఏ గింజ పండితే ఆ నూనె.

నేడు అంగడికి వెళితే పొద్దుతిరుగుడు, వేరుశనగ, తవుడు, పామోలిన్, సోయా, ఆవ, ఆలివ్ అని పది రకాల నూనెలు వరుసగా కనిపిస్తాయి. చాలావాటి మీద గుండె బొమ్మ ఉంటుంది. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలమంతటా నేను అత్యధికంగా విన్న ప్రశ్న కూడా ఇదే: “ఏ నూనె మంచిది, డాక్టరు గారూ?” ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి విజ్ఞానశాస్త్రానికే రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ ప్రయాణంలో అనేక మలుపులున్నాయి. కొన్ని మలుపుల వద్ద కోట్లాది ప్రజలు మూల్యం చెల్లించవలసి వచ్చింది కూడా.

ఆ చరిత్రను తెలుసుకుంటే మనం అడగవలసిన ప్రశ్నలు నిజానికి రెండని తేలుతుంది. ఒకటి: దేనికి బదులుగా? రెండు: ఎంత? ఈ రెండింటినీ మనసులో ఉంచుకొని ఈ వ్యాసం చదవమని మనవి.

సబ్బు ముక్కలో దొరికిన రహస్యం

1811 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్ పంది కొవ్వుతో చేసిన ఒక సబ్బును పరీక్షించడం మొదలుపెట్టాడు. అప్పటివరకు కొవ్వును ఒకే పదార్థంగా భావించేవారు. షెవ్రోల్ పన్నెండేళ్ళ పాటు శ్రమించి, కొవ్వులో గ్లిజరిన్‌తో ముడిపడిన అనేక ఆమ్లాలు ఉన్నాయని నిరూపించాడు. 1823లో తన ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. గది వేడిమి వద్ద గట్టిగా ఉండే స్టియరిక్ ఆమ్లం, ద్రవంగా ఉండే ఓలియిక్ ఆమ్లం అనే పేర్లు ఆయన కృషి ఫలితంగానే శాస్త్రంలో నిలిచాయి. ఆయన నూట రెండేళ్ళు జీవించాడు.

గట్టి కొవ్వుకూ ద్రవ కొవ్వుకూ గల భేదానికి కారణం తరువాతి తరాలకు బోధపడింది. కొవ్వు ఆమ్లం అంటే కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసు పట్టగలిగినంత హైడ్రోజన్‌ను నిండుగా పట్టుకొని ఉంటే అది సంతృప్త కొవ్వు. ఎక్కడైనా హైడ్రోజన్ తక్కువై, రెండు కర్బనాల మధ్య జంట బంధం ఏర్పడితే అది అసంతృప్త కొవ్వు. అటువంటి బంధం ఒకటుంటే ఏక అసంతృప్తం, ఒకటికి మించి ఉంటే బహుళ అసంతృప్తం.

జంట బంధం వద్ద గొలుసు వంగుతుంది. కట్టెల దొడ్డిలో నిటారు కట్టెలను పేర్చితే దొంతర బిగువుగా, గట్టిగా ఉంటుంది. వంకర కట్టెలను పేర్చితే నడుమ ఖాళీలు మిగిలి దొంతర వదులుగా ఉంటుంది. నెయ్యి పేరుకోవడానికి, నువ్వుల నూనె పేరుకోకపోవడానికి కారణం ఇదే. 1884లో హ్యూబుల్ అనే రసాయనవేత్త ఈ అసంతృప్తతను కొలిచే ఉపాయం కనిపెట్టాడు. జంట బంధాలు అయోడిన్‌ను పీల్చుకుంటాయి. నూనె ఎంత అయోడిన్ పీలిస్తే అందులో అంత అసంతృప్తత ఉన్నట్లు. ఆ ‘అయోడిన్ విలువ’ నేటికీ నూనెల పరిశ్రమలో వాడుకలో ఉంది.

నూనెను గడ్డకట్టించిన విద్య

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో వెన్న ఖరీదైన వస్తువు. వెన్నకు చవకైన ప్రత్యామ్నాయం కావాలని ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ బహుమతి ప్రకటించగా, మెజ్ మూరియే అనే రసాయనవేత్త 1869లో పశువుల కొవ్వు నుంచి మార్గరిన్ తయారుచేశాడు. అయితే పశువుల కొవ్వుకు పరిమితి ఉంది. గింజల నూనె చవకగా, సమృద్ధిగా దొరుకుతుంది, కాని అది ద్రవం. రొట్టె మీద పూయడానికి, బిస్కెట్లలో కలపడానికి, దూరప్రాంతాలకు డబ్బాల్లో పంపడానికి గట్టి కొవ్వు కావాలి.

జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1901లో ఆ పని సాధించాడు. నికెల్ పొడి సమక్షంలో వేడి నూనెలోకి హైడ్రోజన్ వాయువును పంపితే జంట బంధాలు నిండి, నూనె గడ్డకడుతుంది. అసంతృప్త కొవ్వును యంత్రం సాయంతో సంతృప్తంగా మార్చడమన్నమాట. 1911లో అమెరికాలో పత్తి గింజల నూనెతో తయారైన ‘క్రిస్కో’ వంటింట్లోకి ప్రవేశించింది.

ఆ విద్యే మన దేశానికి వనస్పతి రూపంలో వచ్చింది. తొలుత హాలెండు నుంచి దిగుమతి అయ్యేది. 1930ల ఆరంభంలో బొంబాయిలో కర్మాగారం వెలసింది. 1937లో ‘డాల్డా’ పేరుతో సరుకు బజారుకు వచ్చింది. పసుపు రంగు డబ్బా, దాని మీద ఆకుపచ్చని చెట్టు బొమ్మ మా తరంవారికి బాగా గుర్తు. డబ్బా ఖాళీ అయ్యాక అందులో కందిపప్పు పోసుకునేవారు, పెరట్లో తులసి మొక్క నాటుకునేవారు. ఏ కంపెనీది కొన్నా అందరూ డాల్డా అనే అన్నారు. నెయ్యి కొనలేని ఇంట పెళ్ళి లడ్డూకూ మైసూరుపాకుకూ అదే గతి అయింది.

వనస్పతి మీద ఆనాడే వ్యతిరేకత వచ్చింది. గాంధీజీ దానిని విమర్శించారు. నిషేధించాలన్న డిమాండు పార్లమెంటు దాకా వెళ్ళింది. అయితే ఆనాటి ముఖ్యమైన అభ్యంతరం నేతిలో కల్తీ గురించి, గోసంపద గురించి. గుండె గురించి కాదు. కల్తీని పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక తెలివైన నిబంధన పెట్టింది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలి. నువ్వుల నూనె కలిసిన కొవ్వుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ చేర్చితే ఎర్రని రంగు వస్తుంది. నేతిలో ఆ రంగు వస్తే వనస్పతి కలిసినట్లే. మన ‘మంచినూనె’ ఆ విధంగా కల్తీకి సాక్షి అయింది. కాని వనస్పతి లోపల దాగిన అసలు దోషాన్ని ఆ పరీక్ష పట్టలేదు.

కొవ్వు లేక కృశించిన ఎలుకలు

ఇదే కాలంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు లేని ఆహారం పెట్టి చూశారు. కొవ్వు అంటే శక్తినిచ్చే ఇంధనం మాత్రమే, పిండి పదార్థాలుంటే అది లేకపోయినా ఫరవాలేదని నాటి పండితుల అభిప్రాయం. ఆ ఎలుకలకు మాత్రం తోకలు పొలుసులు కట్టాయి, చర్మం పగిలింది, ఎదుగుదల ఆగింది, మూత్రపిండాలు చెడ్డాయి. లినోలియిక్ ఆమ్లం కొద్దిగా ఇస్తే కోలుకున్నాయి. 1929, 1930 సంవత్సరాల్లో ప్రచురితమైన ఆ పరిశోధనలు ‘అత్యావశ్యక కొవ్వు ఆమ్లాలు’ అన్న భావనకు పునాది వేశాయి.

మన శరీరం సంతృప్త కొవ్వును తయారుచేసుకోగలదు. ఓలియిక్ ఆమ్లాన్ని కూడా తయారుచేసుకోగలదు. కాని లినోలియిక్ ఆమ్లాన్ని, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోలేదు. అవి అన్నంతోపాటు లోపలికి పోవలసిందే. మొదటిది ఒమేగా 6 వర్గానికి, రెండవది ఒమేగా 3 వర్గానికి మూలం. ఈ వర్గాల నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు మొదలైనవి రక్తపు గడ్డలను, వాపును, రక్తనాళాల బిగువును నియంత్రిస్తాయి. వాటిపై పరిశోధనకే 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్, వేన్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి లభించింది.

కనుక “గుండెజబ్బు వచ్చింది, నూనె చుక్క కూడా ముట్టను” అని భీష్మించుకోవడం శాస్త్రసమ్మతం కాదు. ఈ మాట నేను ఎందరో రోగులకు చెప్పవలసి వచ్చింది.

ఏడు దేశాల లెక్క

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. అంతవరకు వైద్యుల చర్చగా ఉన్న విషయం దినపత్రికల మొదటి పేజీకి ఎక్కింది. మిన్నెసోటాకే చెందిన ఆన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనాన్ని ప్రారంభించాడు. అమెరికా, ఫిన్‌లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీస్, జపాన్ దేశాల్లో 40 నుంచి 59 ఏళ్ళ వయస్సుగల 12,763 మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించారు.

తూర్పు ఫిన్‌లాండ్‌లో గుండెజబ్బు మరణాలు చాలా అధికం. గ్రీసులోని క్రీట్ ద్వీపంలో అతి స్వల్పం. ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే క్రీట్ వాసులు కొవ్వు తక్కువ తినేవారు కారు. వారి ఆహార శక్తిలో సుమారు 40 శాతం కొవ్వు నుంచే వచ్చేది. ఫిన్‌లాండ్ వారిదీ ఇంచుమించు అంతే. తేడా కొవ్వు రకంలో ఉంది. అక్కడ వెన్న, పాలమీగడ. ఇక్కడ ఆలివ్ నూనె, అంటే ముఖ్యంగా ఓలియిక్ ఆమ్లం. 1961లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సంతృప్త కొవ్వుల స్థానంలో బహుళ అసంతృప్త నూనెలు వాడమని సూచించింది. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, కుసుమ నూనెల గౌరవం ఆ సలహాతోనే పెరిగింది.

కీస్ అధ్యయనంపై విమర్శలున్నాయి. దేశాలను యాదృచ్ఛికంగా ఎంచుకోలేదు. ఆహారంతోపాటు శ్రమ, పొగ, జీవన విధానం కూడా భిన్నమే. మన దేశం నుంచి వచ్చిన ఒక పరిశోధన కూడా ఆలోచింపజేస్తుంది. రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో భారత రైల్వే ఉద్యోగులలో గుండెజబ్బు మరణాలను పోల్చారు. పాలూ నెయ్యీ పుష్కలంగా తినే పంజాబు ప్రాంతం వారికంటే, కొవ్వు చాలా తక్కువ తినే దక్షిణాదివారిలో ఆ మరణాలు ఏడు రెట్లు అధికమని తేలింది. దీనిని బట్టి నెయ్యి గుండెకు రక్ష అని తీర్మానించడం పొరపాటు. రెండు ప్రాంతాల మధ్య తేడాలు అనేకం. కాని కొవ్వు ఒక్కటి తగ్గించినంత మాత్రాన గుండె భద్రం కాదని, పళ్ళెంలో మిగిలిన భాగాన్ని కూడా చూడాలని ఈ అధ్యయనం హెచ్చరించింది.

దేనికి బదులుగా?

ఇక్కడే మన మొదటి ప్రశ్న వస్తుంది. ఒకటి తగ్గిస్తే ఆ ఖాళీలోకి మరొకటి వస్తుంది. వచ్చింది ఏమిటి?

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1966 నుంచి 1973 వరకు, గుండెజబ్బు వచ్చిన 458 మంది పురుషులపై ఒక ప్రయోగం జరిగింది. ఒక వర్గంవారు జంతు కొవ్వుకు బదులు కుసుమ నూనె, ఆ నూనెతో చేసిన మార్గరిన్ వాడారు. పాత లెక్కలను తిరిగి తవ్వితీసి 2013లో ప్రచురించినప్పుడు ఆ వర్గంలో మరణాలు 17.6 శాతం, మామూలు ఆహారం తిన్నవారిలో 11.8 శాతం అని వెల్లడైంది. మిన్నెసోటాలో 1968 నుంచి 1973 వరకు 9,423 మందిపై జరిగిన మరో ప్రయోగంలో మొక్కజొన్న నూనె కొలెస్టరాల్‌ను తగ్గించింది కాని మరణాలను తగ్గించలేదు. దాని పూర్తి వివరాలు 2016లో గాని లోకానికి తెలియలేదు. ఒకే ఒక్క ఒమేగా 6 నూనెను మితిమీరి పోయడం, ఒమేగా 3 కరువు కావడం, మార్గరిన్‌లో ట్రాన్స్ కొవ్వు ఉండే అవకాశం వంటి కారణాలను పండితులు చర్చిస్తున్నారు.

అయితే ఈ రెండు ప్రయోగాలు చూసి అసంతృప్త కొవ్వులన్నిటినీ అనుమానించనవసరం లేదు. ఇటువంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కించిన కోక్రేన్ సమీక్ష, దీర్ఘకాలం సంతృప్త కొవ్వు తగ్గించినవారిలో గుండె, రక్తనాళాల సమస్యలు సుమారు 17 శాతం తగ్గాయని తేల్చింది. బహుళ అసంతృప్త కొవ్వుతో భర్తీ చేసినవారిలో ఈ మేలు స్పష్టం. స్పెయిన్‌లో సుమారు 7,400 మందితో జరిగిన ‘ప్రెడిమెడ్’ ప్రయోగంలో కూరగాయలు, పప్పులతోపాటు ఆలివ్ నూనె గాని, బాదం, అక్రోటు వంటి గింజలు గాని తిన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గాయి. 2013లో వెలువడిన ఆ పత్రాన్ని, కొందరిని వర్గాలుగా పంచిన పద్ధతిలో లోపం ఉందని తేలడంతో ఉపసంహరించి, లెక్కలు సరిచేసి 2018లో తిరిగి ప్రచురించారు. సారాంశం మారలేదు.

1980ల తరువాత అమెరికాలో ‘కొవ్వు లేనివి’ అంటూ బిస్కెట్లు, పెరుగులు, కేకులు వెల్లువెత్తాయి. కొవ్వు తీసిన చోట చక్కెర, మైదా నిండాయి. ఆ మార్పు వలన గుండెకు ఒరిగింది లేదు. మన ఇళ్ళలో జరిగేది కూడా అటువంటిదే. వైద్యుడు నూనె తగ్గించమంటాడు. కూర చప్పబడుతుంది. ఆ లోటు తీర్చడానికి మరో రెండు గరిటెల తెల్లన్నం, పచ్చడి పడతాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. రోగి “నేను నూనె మానేశాను కదా, డాక్టరు గారూ” అని వాపోతాడు. నూనె మానడం నిజమే. దాని స్థానంలో వచ్చిన అన్నాన్ని ఎవరూ లెక్క వేయలేదు.

ట్రాన్స్ కొవ్వు: అరవై ఏళ్ళ ఆలస్యం

ఇక ఈ చరిత్రలోని విషాద ఘట్టం. నూనెలోకి హైడ్రోజన్ పంపినప్పుడు అన్ని జంట బంధాలూ నిండవు. మిగిలిన వాటిలో కొన్ని తలకిందులై, వంకర గొలుసు నిటారుగా మారుతుంది. రసాయన లెక్క ప్రకారం అది అసంతృప్తమే. పేర్చినప్పుడు మాత్రం నిటారు కట్టెలా ప్రవర్తిస్తుంది. అదే ట్రాన్స్ కొవ్వు. పాలలోను, మాంసంలోను ఇది స్వల్పంగా సహజంగానే ఉంటుంది. పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనెలో మాత్రం భారీగా ఉండేది.

అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కుమ్మెరో బృందం మనుషుల కణజాలాల్లో ట్రాన్స్ కొవ్వు చేరుతున్నదని 1957లోనే ప్రకటించింది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. జంతు కొవ్వు చెడ్డదన్న ప్రచారం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో, గింజల నూనె నుంచి వచ్చిన మార్గరిన్ మంచిదేనని నమ్మడం సులభమైంది. 1990లో నెదర్లాండ్స్‌కు చెందిన మెన్సింక్, కటాన్ ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుందని, మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని ప్రయోగపూర్వకంగా చూపారు. సంతృప్త కొవ్వు సైతం ఆ రెండవ అపకారం చేయదు. 1997లో 80 వేలకు పైగా అమెరికన్ నర్సుల ఆహారాన్ని 14 ఏళ్ళు గమనించిన హార్వర్డ్ పరిశోధకులు, ఆహార శక్తిలో కేవలం 2 శాతం ట్రాన్స్ కొవ్వును మామూలు అసంతృప్త కొవ్వుతో మార్చితే గుండెజబ్బు ముప్పు 53 శాతం తగ్గవచ్చని అంచనా కట్టారు.

2003లో డెన్మార్క్ ప్రపంచంలో మొదటిసారిగా పరిమితి విధించింది. 100 గ్రాముల కొవ్వులో 2 గ్రాములు మించరాదు. కుమ్మెరో తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో అమెరికా ప్రభుత్వ సంస్థకు అర్జీ పెట్టాడు, తరువాత దావా వేశాడు. 2015లో ఆ సంస్థ పాక్షిక హైడ్రోజనీకరణ నూనెలు సురక్షితం కావని నిర్ణయించింది. అప్పటికి ఆయనకు నూరేళ్ళు నిండాయి. 2017లో కన్నుమూశాడు.

మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరిమితిని మెట్లు మెట్లుగా తగ్గించింది. మొదట 10 శాతం, తరువాత 5 శాతం, 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం. 1957లో తొలి హెచ్చరిక వెలువడింది. మన వంటింటికి పూర్తి రక్షణ వచ్చేసరికి అరవై ఐదేళ్ళు గడిచాయి. ఈ మధ్యకాలంలో రెండు తరాలు పెళ్ళిభోజనాల్లోను, బేకరీ పఫ్‌లలోను, మిఠాయిల్లోను ఆ కొవ్వు తిన్నాయి. అందులో ఎన్ని గుండెలు ఆగిపోయాయో లెక్క కట్టగలవారు లేరు. నేతికి బదులు వనస్పతి అన్నప్పుడు “బదులుగా వచ్చేది ఏమిటి?” అని అడిగి, జవాబు తేలేవరకు ఆగి ఉంటే ఈ నష్టం ఇంత ఉండేది కాదు.

మన నేల మీద జరిగిన పరిశోధన

మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ కథలో గౌరవప్రదమైన పాత్ర పోషించింది. 1918లో కూనూరులో మెక్కారిసన్ ఒక చిన్న గదిలో ఆరంభించిన పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడ డాక్టర్ గఫూరున్నీసా, ఆమె సహచరులు భారతీయ ఆహారంలోని ‘కనిపించని కొవ్వు’ను కొలిచారు. బియ్యం, గోధుమ, జొన్న, పప్పుల్లో కొవ్వు శాతం స్వల్పమే. కాని మనం వాటిని రోజూ ఎక్కువ మోతాదులో తింటాము. కాబట్టి లినోలియిక్ ఆమ్లం వాటి నుంచే చెప్పుకోదగినంత అందుతుంది. దీని అర్థం: ఒమేగా 6 కోసం నూనెను ధారగా పోయనవసరం లేదు. మనకు నిజంగా కొరవడేది ఒమేగా 3.

మరోవైపు మన నూనెలు మారిపోయాయి. అనంతపురం వేరుశనగ, తెలంగాణ కుసుమ, ఆదిలాబాదు వలిసెలు, ప్రతి ఊరి నువ్వులు వెనుకబడ్డాయి. రేషన్ దుకాణాల ద్వారా, 1990లలో దిగుమతులు సరళం అయ్యాక బజారు ద్వారా పామోలిన్ ఇంటింటికీ చేరింది. పామోలిన్ విషం కాదు. కాని అందులో సంతృప్త కొవ్వు 40 శాతం పైమాటే. వేరుశనగ నూనెలో అది ఐదో వంతుకు మించదు. సుమారు సగం ఏక అసంతృప్తం, మూడో వంతు బహుళ అసంతృప్తం. నువ్వుల నూనెలోను, తవుడు నూనెలోను ఈ రెండు రకాల అసంతృప్త కొవ్వులు ఇంచుమించు సమపాళ్ళలో ఉంటాయి. పొద్దుతిరుగుడులో బహుళ అసంతృప్తం సుమారు 60 శాతం. కొబ్బరినూనెలో 90 శాతం, నేతిలో 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. ఏ ఒక్క నూనె సర్వగుణ సంపన్నం కాదు. అందుకే వేరుశనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు నూనెలను నెలకొకటి చొప్పున మార్చి వాడుకోవడం మేలు.

లెక్క వేసుకునే విధానం

ఇక రెండవ ప్రశ్న: ఎంత? ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. గుండె బొమ్మ ఉన్నా, లేకున్నా.

కూర్చొని పనిచేసే పురుషునికి రోజుకు సుమారు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాముల కనిపించే కొవ్వు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2010 నాటి సూచన. శ్రమించేవారికి కొంత ఎక్కువ. ఇందులో నెయ్యి, వెన్న కూడా కలుస్తాయి. టీ చెంచాడు నూనె సుమారు నాలుగున్నర గ్రాములు. అయితే చెంచాలు కొలుస్తూ వంట చేయడం ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత నెల లెక్క చూడండి.

లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ఇంట్లో నలుగురు పెద్దలుంటే, తలకు 25 గ్రాముల చొప్పున నెలకు 3 కిలోలు, అంటే దాదాపు మూడుంపావు లీటర్లు. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదనే నూనె ప్యాకెట్టు విప్పిన తేదీ రాయండి. నేతిని కూడా చేర్చండి. ఆవకాయలో పోసిన నూనెను మరవకండి. మూడు నెలలు రాస్తే మీ ఇంటి నిజం మీకే కనిపిస్తుంది. ఐదారు లీటర్లు తేలితే ఒక్కసారిగా కాక, నెలకు అర లీటరు చొప్పున తగ్గించండి. బయట తిన్న మిరపకాయ బజ్జీ, పూరీ ఈ లెక్కలోకి రావు కనుక వాటిని వారానికి ఒకసారికి పరిమితం చేసుకోండి.

కొన్న తినుబండారాలకు మరో పద్ధతి. ప్యాకెట్టు వెనుక మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు అని అంకెలుంటాయి. మొదటి అంకె నుంచి మిగిలిన రెండూ తీసివేస్తే వచ్చేదే అసంతృప్త కొవ్వు. ఒక మిక్చరు ప్యాకెట్టులో 100 గ్రాములకు మొత్తం కొవ్వు 36, సంతృప్తం 16, ట్రాన్స్ 0.1 అని ఉందనుకోండి. అసంతృప్తం సుమారు 20 గ్రాములు. అంటే సగానికి కొంచెం పైన. వేయించిన వేరుశనగ పప్పులో అయితే ఐదు వంతులలో నాలుగు వంతుల దాకా అసంతృప్తమే. 2,000 కేలరీల ఆహారం తినేవారికి సంతృప్త కొవ్వు రోజు మొత్తానికి 22 గ్రాములు దాటకూడదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఒక వడ్డనలో అర గ్రాము కంటే తక్కువ ట్రాన్స్ కొవ్వు ఉంటే సున్నా అని ముద్రించవచ్చు.

ఒమేగా 3 కోసం అవిసె గింజల పొడి రోజుకు ఒకటి రెండు చెంచాలు, అక్రోటు పప్పు, ఆకుకూరలు తీసుకోండి. చేపలు తినేవారు కానాగంతలు, కవళ్ళు వారానికి రెండుసార్లు తినవచ్చు. వేయించి కాదు, పులుసుగా. బహుళ అసంతృప్త నూనెలు వేడికి త్వరగా చెడతాయి. కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి. వ్యాపారులు వాడే నూనెలో చెడిన ధ్రువ పదార్థాలు 25 శాతం మించరాదని 2018 నుంచి నిబంధన ఉంది. ఇంట్లో ఆ పరీక్ష చేయలేము. కనుక రంగు ముదిరి, పొగ, నురుగు వస్తున్న నూనెను పారబోయడమే క్షేమం.

గుండెజబ్బు, మధుమేహం, కాలేయ సమస్యలు ఉన్నవారు, రక్తం పలుచన చేసే మందులు వాడేవారు ఆహారంలో పెద్ద మార్పులకు ముందు తమ వైద్యుని సంప్రదించాలి. నూనె మార్చామని కొలెస్టరాల్ మాత్రలు మీకై మీరు మానవద్దు.

రేపు మరో కొత్త నూనె వస్తుంది. దాని మీద మరింత పెద్ద గుండె బొమ్మ ఉంటుంది. ఎవరో ప్రసిద్ధులు దానిని పొగడుతారు. అప్పుడు అది ఇంట్లో దేని స్థానంలోకి వస్తున్నదో, నెలకు ఎన్ని లీటర్లు ఖర్చవుతున్నదో చూసుకోండి. ఈ నెల ప్యాకెట్టు విప్పిన తేదీని ఈ రోజే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.